శ్రుతి దిగిన పాటకు మొదటి బహుమతి

మా నాన్నను డబ్బుతో కొనలేరని టాల్మన్ ఫెర్రీ ఊరంతా అనుకునేది. అది నిజమే. క్రాండల్ దొరకు కూడా ఆ సంగతి బాగా తెలుసు. కాబట్టి ఆయన డబ్బు జోలికే పోలేదు.

నాన్న పేరు ఈలై ప్రోథరో. క్రాండల్ ఇనప కంపెనీలో పెద్ద కొలిమికి మేస్త్రి. కొలిమి పనివాళ్ళ యూనియన్‌కు అధ్యక్షుడు, మా వేల్స్ వాళ్ళ చర్చికి పెద్ద, ఆ చర్చి గాయక బృందానికి గురువు కూడా. మొదటి మూడూ వదులుకోమంటే తల గోక్కుని ఆలోచించేవాడేమో కానీ, నాలుగోది మాత్రం ప్రాణం పోయినా వదిలేవాడు కాదు. అమ్మ పోయాక ఇల్లు నేనే చూసుకునేదాన్ని, బృందంలో పాడేదాన్ని. పొయ్యి మీద బంగాళాదుంపలు మాడిపోయినా నాన్న కిక్కురుమనకుండా తినేవాడు. పాటలో నా గొంతు వెంట్రుకవాసి జారితే మాత్రం ఆ పూట రొట్టె ముట్టేవాడు కాదు.

ఆ వేసవిలో మేము సమ్మెలో ఉన్నాం. జీతాల కోతకు ఒప్పుకుని, యూనియన్ వదిలేసినవాళ్ళకే పని అని క్రాండల్ గేటుకు తాళం వేశాడు. ఊరి రోడ్డు, రైలు కట్ట రెండూ మా ఇళ్ళ మధ్యనుంచే పోతాయి కాబట్టి ఆ దారుల్లో బయటి కూలీలను తేవడం ఆయన తరం కాదు. మిగిలింది నది. ఫ్యాక్టరీ వెనక గోడ నీళ్ళ అంచునే ఉంది. కూలీల పడవలు ఒక్కసారి అక్కడ ఒడ్డు చేరాయంటే మా పని అయిపోయినట్టే. కొలిములు వాళ్ళవి, మేముంటున్న కంపెనీ ఇళ్ళూ వాళ్ళవే. అందుకని మా మగవాళ్ళు వంతులు వేసుకుని నది ఒడ్డున కాపలా కాసేవాళ్ళు. సమ్మె బతుకంతా ఆ ఒడ్డు మీదే ఉందని చంటిపిల్లలకు కూడా తెలుసు.

ఆ సమయంలో ఫిచ్ వచ్చాడు. అమాసా ఫిచ్ రాష్ట్ర సభలో మా సభ్యుడు. మా ఓట్లతో గెలిచాడు. వచ్చినప్పుడల్లా పనివాళ్ళ భుజాల మీద చేతులు వేసేవాడు, పసిపిల్లల బుగ్గలు పిండేవాడు. ఈసారి యూనియన్ హాల్లోకి వచ్చి కుర్చీ కూడా అడగకుండా బల్ల అంచున కూర్చున్నాడు.

"ఏం ప్రోథరో, ఈ ఏడు లైల్స్‌బర్గ్ పాటల పోటీకి మీ బృందం రావట్లేదట? బొగ్గు గనుల ఊరివాళ్ళు అప్పుడే గంతులేస్తున్నారు, కప్పు మాదేనని."

నాన్న ముఖం ఎర్రబడింది. "సమ్మెలో పాటలేంటి దొరా. నది ఎవరు చూస్తారు?"

"నది సంగతి నాకొదిలెయ్యి. నిన్ననే క్రాండల్‌తో మాట్లాడొచ్చా. శని, ఆది రెండ్రోజులు ఒక్క పడవ కూడా కదలదని మాటిచ్చాడు. రైలు నేను పెడతా. పైసా ఖర్చు లేదు. పాడండి, కప్పు తెచ్చుకోండి, ఆదివారానికి ఇంట్లో ఉంటారు."

ఎర చూసిన చేప కూడా ఒక్క క్షణం ఆగి చూస్తుంది. మావాళ్ళు ఆగలేదు. పరదేశం వచ్చి ఇరవై ఏళ్ళయినా, ఎక్కడైనా పాటల పోటీ ఉందంటే మా వేల్స్ వాళ్ళకు కడుపులో ఆకలి కూడా గుర్తుండదు. హాలంతా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టింది. అందరి మాటా ఒకటే, ఏ పాట పాడదామని.

అప్పుడు తలుపు దగ్గర యురాయ్ కుబాలా టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న కొలిమికి ఇనప బండి తోసే స్లోవాక్ కూలీ. వాళ్ళను మావాళ్ళు హంకీలని పిలిచేవాళ్ళు. అది మర్యాదైన మాట కాదు. పనితనం ఉన్న మేస్త్రులకే గానీ బండి తోసేవాళ్ళకు యూనియన్‌లో చోటు లేదు. అయినా సమ్మె మొదలైన రోజునే వాళ్ళు కూడా బళ్ళు వదిలి మాతో బయటికి వచ్చేశారు. రమ్మని ఎవరూ పిలవలేదు.

"మేస్త్రీ, మీరు పాటకెళ్ళండి. నది మేం చూసుకుంటాం. మావాళ్ళు ఇరవై మంది ఉన్నారు," అన్నాడు యురాయ్.

వెనకనుంచి డాయ్ బైనన్ నవ్వాడు. "ఒక్క బీరు పీపా దొర్లిస్తే చాలు, హంకీలు నదిని కూడా మోసుకెళ్ళి క్రాండల్ గుమ్మంలో పెడతారు."

అందరూ పగలబడి నవ్వారు. యురాయ్‌కు మా మాట అర్థమవుతుంది. అయినా అతను నాన్ననే చూస్తూ నిలబడ్డాడు.

"నువ్వు మంచివాడివే యురాయ్," అన్నాడు నాన్న. "కానీ నది కాపలా యూనియన్ వాళ్ళ పని. మా పెద్దవాళ్ళు కొందరు ఉంటారులే."

"అయితే మమ్మల్నీ యూనియన్‌లో చేర్చుకోండి, మేస్త్రీ."

"అది తర్వాత చూద్దాం."

మా ఊళ్ళో ఆ మాటకు అర్థం 'కుదరదు, పో' అని. యురాయ్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు అతన్ని చూస్తే ఎప్పుడూ చిరాకు, జాలి రెండూ కలిగేవి. ప్రతి గురువారం మేము చర్చిలో పాట సాధన చేస్తుంటే అతను బయట కంచె దగ్గర నిలబడి వినేవాడు. మంచు పడుతున్నా కదిలేవాడు కాదు. కిటికీలోంచి చూసి మా ఆడవాళ్ళు మోచేతులతో పొడుచుకుని నవ్వుకునేవాళ్ళు.

శనివారం పొద్దున్నే రైలెక్కాం. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పాడేవాళ్ళు, పాడేవాళ్ళను చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఊళ్ళో యూనియన్ మనిషంటూ మిగలలేదు, మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళు తప్ప. రైలు కొండల మధ్య నింపాదిగా పాకుతూ పోయింది. లైల్స్‌బర్గ్ చేరేసరికి భోజనాల వేళ దాటిపోయింది. పొద్దు వాలుతుండగా మా వంతు వచ్చింది.

మా పోటీల్లో ఒక పద్ధతి ఉంది. పాటంతా వాద్యం లేకుండా ఒట్టి గొంతులతో పాడాలి. పాట ముగిశాక పియానో మీద మొదటి స్వరం మీటుతారు. బృందం శ్రుతి నిలబెట్టుకుంటే రెండూ కలిసిపోతాయి. దిగిపోతే హాల్లో ఉన్న చెవిటివాడికి కూడా తెలిసిపోతుంది. అంతకంటే పెద్ద తప్పు మాలో లేదు. మాటలు మర్చిపోయినా క్షమిస్తారు, శ్రుతి దిగితే క్షమించరు.

మేము దిగిపోయాం. రెండో చరణంలోనే నాకు తెలిసింది. వారాల తరబడి అరకడుపుతో బతికినవాళ్ళం, పెద్ద గొంతుల మగవాళ్ళకు ఊపిరి నిలవలేదు. నాన్న రెండు చేతులూ పైకెత్తి మమ్మల్ని లాగుతూనే ఉన్నాడు, మేము జారుతూనే ఉన్నాం. పాట ముగిసింది. పియానో మోగింది. హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. మా తర్వాత బొగ్గు గనుల ఊరివాళ్ళు పాడారు. వాళ్ళ పాట చివర పియానో మోగితే, మోగిందో లేదో కూడా తెలియలేదు. అంత కలిసిపోయింది.

తీర్పరి సంగీతంలో డాక్టరు పట్టా ఉన్నాయన. చేతులు నలుపుకుంటూ వేదిక ఎక్కాడు. పక్కనే సభాధ్యక్షుడిగా ఫిచ్. తీర్పరి గొంతు సరిచేసుకుని, నేల చూపులు చూస్తూ, మొదటి బహుమతి టాల్మన్ ఫెర్రీకి అన్నాడు.

పొరపాటున ఊరి పేరు మార్చి చదివాడేమో అనుకున్నాను. మావాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో కేక వేశారు, ఇక అందరూ వేశారు. ఫిచ్ వెండి కప్పు నాన్న చేతుల్లో పెట్టాడు. నాన్న కళ్ళలో నీళ్ళు. అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడనివి.

బొగ్గు గనుల ఊరి పెద్దావిడ ఒకామె నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అభినందనలమ్మా. మీ ఊళ్ళో పియానోలు మరీ పైకి మోగుతాయనుకుంటా," అని నవ్వకుండా వెళ్ళిపోయింది.

నేను నాన్న పక్కకు చేరాను. "నాన్నా, మనం దిగిపోయాం కదా."

"తీర్పరికి తెలీదా?"

"తెలీకేం. హాలంతటికీ తెలుసు. మరి మనకెందుకిచ్చారు?"

"మార్గెడ్, నోర్ముయ్యి," అన్నాడు. నన్ను ఆయన ఎప్పుడూ అలా అనలేదు. "ఆయన సంగీతంలో డాక్టరు. నువ్వు రొట్టెలు కాల్చుకునేదానివి."

నా ఒళ్ళు మండిపోయింది. వెంట్రుకవాసి జారితే రొట్టె ముట్టని మనిషి, అంత మెట్టు దిగిన పాటకు కప్పు పుచ్చుకుని ముద్దు పెట్టుకుంటున్నాడు. ఆ రోజు నాన్న మీద నాకు కలిగిన కోపం ఇవాళ్టికీ పూర్తిగా చల్లారలేదు.

గెలిచిన బృందం సాయంత్రం కచేరీలో పాడి తీరాలి, అది ఆనవాయితీ. పాడాం. విందు పెట్టారు, తిన్నాం. తిరిగి స్టేషనుకు పోతే ఇంజను పాడైందన్నారు. చర్చి బెంచీల మీద పడుకున్నాం. తెల్లారి చూస్తే ఇంజను ఆవిరి కక్కుతూ సిద్ధంగా ఉంది. కానీ అది ఆదివారం.

దేవుడి రోజున మా చర్చివాళ్ళు రైలెక్కరు. బండి కట్టరు, బూట్లకు నల్లరంగు కూడా పుయ్యరు. కుర్రవాళ్ళు కొందరు గొణిగారు, నది ఏమైపోతుందోనని. నాన్న కప్పును కోటులో చుట్టుకుని పట్టాల పక్కన నిలబడ్డాడు. "క్రాండల్ మాటిచ్చాడు. ఫిచ్ మధ్యవర్తి. దేవుడికిచ్చిన మాట మనం తప్పితే, మనుషులు మనకిచ్చిన మాట ఎందుకు నిలబెట్టుకుంటారు?" అన్నాడు. గొణిగినవాళ్ళే ముందు వెనక్కి తిరిగి చర్చి వైపు నడిచారు.

ఫిచ్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. "మీ భక్తికి దణ్ణం పెట్టాలి ప్రోథరో. సోమవారం పొద్దున్న మొదటి రైలు మీదే," అన్నాడు.

సోమవారం రైలు నది మలుపు తిరుగుతుంటే కిటికీ దగ్గర కూర్చున్న డాయ్ పాడటం ఆపేశాడు. వాడు వేలెత్తి చూపించాడు. ఫ్యాక్టరీ పొగగొట్టాలన్నిటినుంచీ పొగ వస్తోంది. పెద్ద కొలిమి గొట్టంలోంచి కూడా. అది నాన్న కొలిమి.

స్టేషను నిండా తుపాకులు పట్టుకున్న మనుషులు. షెరీఫ్ కొత్తగా పోలీసు బిళ్ళలు తగిలించిన కిరాయివాళ్ళు. వాళ్ళ మధ్యలోంచి తలలు వంచుకుని ఇళ్ళ వైపు నడిచాం. మా ఇంటి గుమ్మంలో డాయ్ వాళ్ళమ్మ హన్నా పిన్ని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

"ఏమైంది పిన్నీ?"

"నిన్న పొద్దున అందరం చర్చిలో ఉన్నామే. కీర్తన పాడుతుంటే తుపాకులు పేలాయి. బయటికొచ్చి చూద్దుము కదా, పడవలు ఒడ్డునే ఉన్నాయి. వందలమంది దిగుతున్నారు."

"మనవాళ్ళు కాపలా లేరా?" అన్నాడు నాన్న.

"ఉన్నారయ్యా, శనివారం దాకా. మీరు గెలిచారని తెలిశాక గేటు దగ్గరికి పోయారు. కంపెనీవాళ్ళు అందరికీ కేకులు పంచారు, నిమ్మరసం ఇచ్చారు. బీరు కాదులే, మనం చర్చివాళ్ళమని వాళ్ళకు తెలుసుగా. గేటుకు పెద్ద గుడ్డ కట్టారు, మొదటి బహుమతి తెచ్చిన మన ఊరి గాయకులకు అభినందనలని. ఎంత ముచ్చటగా రాశారో. ఇంతకాలానికి దొర మనసు కరిగిందనుకున్నాం. ఇంక కాపలా ఎందుకు, సమ్మె తీరిపోయినట్టేనని ముసలాళ్ళు ఇళ్ళకెళ్ళి పడుకున్నారు."

నాకు ఒక్క మాట దగ్గర మనసు ఆగిపోయింది. "పిన్నీ, ఆ గుడ్డ ఎప్పుడు కట్టారు?"

"శనివారమే. మధ్యాహ్నం, నేను పులుసు దించుతుంటే కంపెనీ బూర కూసింది. పరిగెత్తి పోయి చూశా."

"మధ్యాహ్నమా?"

"అవునే. ఎండ నడినెత్తిన ఉంది. ఎందుకలా చూస్తావు?"

అప్పటికి మేము రైల్లోనే ఉన్నాం. లైల్స్‌బర్గ్ చేరనేలేదు. నోరు తెరిచి ఒక్క స్వరం పాడలేదు.

నేను నాన్న వైపు తిరిగాను. ఆయనకు అర్థమైంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలోని కప్పును చూస్తున్నాడు, ఎవరో తన చేతిలో చచ్చిన ఎలుకను పెట్టినట్టు. పక్కన డాయ్ ఇంకా వేళ్ళు లెక్క పెట్టుకుంటున్నాడు పాపం, మధ్యాహ్నానికీ సాయంత్రానికీ లంకె కుదరక. క్రాండల్‌కు మా గురించి అన్నీ తెలుసు. పాటంటే చెవి కోసుకుంటామని, గెలిస్తే కచేరీకి ఉండిపోతామని, ఆదివారం రైలెక్కమని, కేకు తింటామని, బీరు తాగమని. మమ్మల్ని ఇంత బాగా చదివినవాడు మా చర్చిలో కూడా లేడు.

"అసలు ఎవరూ అడ్డుకోలేదా?" అని అడిగాడు డాయ్.

హన్నా పిన్ని కొడుకు ముఖం వైపు చూడలేదు. "హంకీలు అడ్డుకున్నారు. శనివారం కేకులకు రమ్మని వాళ్ళనీ పిలిచారట, ఒక్కడూ కదల్లేదు. మనవాళ్ళు వెళ్ళిపోయాక రాత్రంతా వాళ్ళే కూర్చున్నారు, చేతిలో కర్రలు తప్ప ఏమీ లేవు. పడవలోంచి కాల్చారు. నలుగురికి గాయాలు. ఆ కుర్రాడు, కంచె దగ్గర నిలబడేవాడు, వాడు అక్కడికక్కడే పోయాడు."

డాయ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నాన్న ఇంట్లోకి వెళ్ళి కప్పును బల్ల మీద కాదు, బొగ్గుల తొట్టిలో పెట్టాడు.

యురాయ్‌ను మంగళవారం పూడ్చారు. స్లోవాక్ వాళ్ళ శ్మశానం కొండ మీద, ముళ్ళకంచె కట్టిన చిన్న జాగా. మా ఆచారంలో పాట లేకుండా మనిషిని మట్టిలో పెట్టరు. నాన్న ఇంటింటికీ తిరిగి బృందాన్ని పోగుచేశాడు. నల్లబట్టలు వేసుకుని అందరం కొండెక్కాం. ఎవరూ పిలవలేదు, యురాయ్‌ను సమ్మెకు మేము పిలవనట్టే.

కంచె తలుపు దగ్గర యురాయ్ భార్య జుజానా ఎదురొచ్చింది. చంకలో పసిపిల్ల. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. నాన్న టోపీ తీశాడు.

"అమ్మా, వాడికి మా పాటంటే ఇష్టం. ఒక్క పాట పాడి వెళ్ళిపోతాం."

జుజానా పసిపిల్లను రెండో చంకకు మార్చుకుంది. మా మాట ఆమెకు కొత్త, ఒక్కొక్క ముక్కా వెతుక్కుంటూ మాట్లాడింది.

"ప్రతి గురువారం మీ కంచె దగ్గర నిలబడేవాడు మేస్త్రీ. చలికి చెవులు ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చేవాడు. నాకు పాడి వినిపించేవాడు. మీరు కిటికీలోంచి చూసేవాళ్ళట కదా. లోపలికి రా అని ఒక్కసారైనా అన్నారా?"

నాన్న టోపీని రెండు చేతులతో పట్టుకుని తల దించాడు.

"వినాలనుంటే వినండి," అంది జుజానా. "ఇక్కడే, బయట నిలబడి."

తలుపు మూసి గొళ్ళెం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సమ్మె ఆ వారమే చచ్చిపోయింది. మమ్మల్ని ఇళ్ళలోంచి ఖాళీ చేయించారు. మరుసటి ఏడాది రాష్ట్ర సభ ఫిచ్‌ను సెనేటర్‌గా ఎన్నుకుని వాషింగ్టన్‌కు పంపింది, ఎవరి డబ్బుతోనో చెప్పక్కర్లేదు. నాన్న మళ్ళీ ఏ బృందాన్నీ నడపలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. నాకు కళ్ళు మూసుకుంటే కనిపించేది మాత్రం ఆ కంచే. కొండగాలికి నల్లబట్టలు ఎగురుతుండగా, ఈ నదీ లోయలో తమను మించినవారు లేరనుకున్న గాయకులందరం నోళ్ళు మూసుకుని ముళ్ళకంచె బయట నిలబడ్డాం.

లోపల వాళ్ళు పాడారు. గురువు లేడు, చేతుల్లో పుస్తకాలు లేవు. బండ గొంతులు, మధ్యమధ్య ఏడుపు. అయినా నేను అలవాటు కొద్దీ చివరిదాకా శ్రుతి పట్టుకుని చూశాను. నాన్న కూడా చూస్తున్నాడని తెలుసు, ఆయన వేలు కంచె తీగ మీద నెమ్మదిగా తాళం వేస్తోంది. పాట ముగిసింది. మొదలైన స్వరం మీదే ముగిసింది, వెంట్రుకవాసి కూడా దిగలేదు. నాన్న వేలు ఆగిపోయింది. ఆయన నన్ను చూడలేదు. నేను ఆయన్ను ఇంటికి నడిపించుకొచ్చాను.